జూన్‌లో ఎంతమంది మిగిలారు?

మీ వీధి చివర కరెంటు స్తంభానికి ఆ ఫ్లెక్సీ ఇంకా వేలాడుతూనే ఉంటుంది చూడండి. ‘సమ్మర్ స్పెషల్ కరాటే క్యాంప్... ముందు చేరిన 20 మందికి డ్రెస్సు ఉచితం’. పక్కన గాల్లోకి ఎగిరి తన్నుతున్న ఎవరో విదేశీయుడి ఫొటో. ఏప్రిల్‌లో ఆ గ్రౌండులో నలభై మంది పిల్లలు వరసగా నిలబడి అరుస్తుంటే బండి ఆపి మరీ చూశాం. ఇప్పుడు ఓ సాయంత్రం అటు వెళ్లండి. ఏడెనిమిది మంది ఉంటారు. మాస్టారు ఓ పక్కన నిలబడి ఫోన్ చూసుకుంటుంటారు.

ఉద్యోగాల పేజీలో కరాటే మాస్టారి గోల ఎందుకు అంటారా? మీలో చాలామంది చిన్నప్పుడు ఏ కరాటేనో, తైక్వాండోనో నేర్చుకున్నవాళ్లే. కొందరు బ్రౌన్ బెల్టు దాకా వెళ్లి, ఇంటర్‌లో ఎంపీసీ పుణ్యమా అని ఆపేశారు. కొందరు బ్లాక్ బెల్టు కూడా తెచ్చుకున్నారు. ఇప్పుడు డిగ్రీ చేతికొచ్చింది, నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలీదు. ‘పోనీ, ఈలోగా క్లాసులు పెట్టు’ అని ఇంట్లోనో స్నేహితులో అనే ఉంటారు. మంచి సలహానే. కాకపోతే ఆ మాట అన్నవాళ్లు వెంటనే ఇంకోటి కూడా అంటారు, ‘కాస్త పబ్లిసిటీ ఇస్తే చాలు, పిల్లలు వాళ్లే వస్తారు’ అని. అక్కడే పప్పులో కాలేస్తాం.

పిల్లలు వస్తారు. అందులో అనుమానం లేదు. ఉండరు.

కాగితం, పెన్ను తీసుకోండి. రీజనింగ్ పేపర్లో వచ్చే లెక్కలాంటిదే. మీ క్లాసులో నెలకి సగటున ఐదుగురు కొత్తగా చేరుతున్నారు అనుకుందాం. ఉన్నవాళ్లలో ప్రతి నెలా పది మందికి ఒకరు చొప్పున మానేస్తున్నారు. మీ క్లాసు ఎంత దాకా పెరుగుతుంది? యాభై దాకా. ఆ తర్వాత పెరగదు. ఎందుకంటే యాభై మంది అయ్యేసరికి నెలకి ఐదుగురు వస్తారు, ఐదుగురు పోతారు. మీరెన్నేళ్లు కష్టపడినా అక్కడే. ఇప్పుడు కొత్తగా చేరేవాళ్లని అలాగే ఉంచి, మానేసేవాళ్లని మాత్రం ఇరవై మందికి ఒకరుగా మార్చండి. క్లాసు వంద దాకా వెళ్తుంది.

ఫీజు నెలకి 700 రూపాయలు అనుకుందాం. యాభై మంది అంటే 35 వేలు. హాలు అద్దె, సహాయకుడికి జీతం, కరెంటు, ఇతరత్రా కలిపి ఓ 20 వేలు పోతే మీకు మిగిలేది 15 వేలు. వంద మంది అంటే 70 వేలు. రెండో బ్యాచ్, ఇంకో సహాయకుడు, పెద్ద హాలు అని ఖర్చు 30 వేలు చేసినా 40 వేలు మిగులుతాయి. మొదటిది ఉద్యోగం వచ్చేదాకా కాలక్షేపం. రెండోది సొంత ఊళ్లోనే ఉద్యోగం. ఈ రూపాయలు మీ ఊరిని బట్టి మార్చుకోండి, లెక్క తీరు మాత్రం మారదు.

ఇందులో ఇంకో చిక్కు ఉంది, అది తెలియకే చాలామంది ఏడాదికల్లా నీరుగారిపోతారు. సున్నా నుంచి మొదలెడితే ఏడాది చివర మొదటి క్లాసులో 36 మంది, రెండో క్లాసులో 46 మంది ఉంటారు. పెద్ద తేడా ఏమీ కనిపించదు. అదే మూడేళ్లకి చూస్తే 49 ఒక పక్క, 84 ఇంకో పక్క. అంటే పిల్లల్ని నిలబెట్టుకోవడానికి మీరు పడ్డ శ్రమకి ఫలితం కనబడటం రెండో ఏడాది నుంచే. ఫ్లెక్సీ ఫలితం వారంలో కనబడుతుంది. అందుకే అందరూ ఫ్లెక్సీయే కడతారు.

సరే, ఎందుకు మానేస్తారు? మన ఊళ్లలో కారణాలు పెద్ద రహస్యమేం కావు. జూన్‌లో బడులు తెరవగానే స్కూలు బస్సు ఇంటికొచ్చే టైము, మీ క్లాసు టైము ఒకటైపోతాయి. ఎనిమిదో తరగతికి రాగానే ఐఐటీ ఫౌండేషన్ మొదలవుతుంది, ఇక సాయంత్రాలు ఉండవు. మార్చి అంటే పరీక్షలు. వీటిని మీరు ఆపలేరు గానీ ముందే తెలుసు కాబట్టి సర్దుకోవచ్చు. జూన్ మొదటి వారంలోనే తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టి కొత్త టైములు అడిగి పెట్టుకున్న మాస్టారికీ, ‘సాయంత్రం 5 నుంచి 6, మార్చేది లేదు’ అన్న మాస్టారికీ జులై హాజరు ఒకలా ఉండదు. ఎనిమిదో తరగతి పిల్లలకి వారానికి మూడు రోజులు కుదరకపోతే ఆదివారం ఉదయం ఒక్కటే పెట్టి, ఆ మేరకు ఫీజు తగ్గించండి. వాడు మీతోనే ఉంటాడు, తమ్ముణ్ని కూడా తెస్తాడు.

మిగతా కారణాలు మాత్రం మన చేతుల్లోవే. మొదటి రెండు వారాలు పిల్లాడికి ఒళ్లునొప్పులు తప్ప ఇంకేమీ తెలియదు. వాడి పేరు మాస్టారికి గుర్తుండదు, ‘ఒరేయ్ తెల్లచొక్కా’ అని పిలుస్తారు. ఐదేళ్ల పాపనీ, పదిహేనేళ్ల కుర్రాణ్నీ ఒకే వరసలో నిలబెడితే పాప భయపడుతుంది, కుర్రాడికి విసుగొస్తుంది. అన్నిటికన్నా ముఖ్యమైనది, క్లాసు నుంచి ఇంటికి ఫోన్ వచ్చేది నెలకి ఒక్కసారే, ఫీజు కోసం. వరసగా రెండు క్లాసులకి రాని పిల్లాడి ఇంటికి ఆ రోజే ఫోన్ చేసి, ‘ఏమ్మా, బాబుకి ఒంట్లో బాగోలేదా?’ అని అడిగి చూడండి. ఫీజు మాట ఎత్తకండి. ఆ ఒక్క ఫోన్ వెయ్యి పాంప్లెట్ల కన్నా గట్టిది. ఒక చిన్న నోటుబుక్కు, రోజూ హాజరు. మార్కెటింగ్‌కి మీరు పెట్టాల్సిన మొదటి పెట్టుబడి అది, ఇరవై రూపాయలు.

ఇదంతా కొత్త తెలివేం కాదు. ఒక పాత కథ చెబుతాను, మీ వయసువాడిదే. 1882లో జపాన్‌లో జిగోరో కానో అనే కుర్రాడు, అప్పటికి 21 ఏళ్లు, టోక్యో విశ్వవిద్యాలయంలో చదువు ముగించి ఉపాధ్యాయుడిగా చేరాడు. అదే ఏడాది ఎయిషోజీ అనే బౌద్ధాలయంలో కొంత చోటు తీసుకుని ఓ శిక్షణ కేంద్రం పెట్టాడు. పన్నెండు చాపలు పట్టే జాగా. తొలి ఏడాది శిష్యులు తొమ్మిది మంది. వాళ్లు ఒకరినొకరు పడేసుకుంటుంటే గుడి నేల కదిలిపోయేదనీ, కానోయే కిందకి దూరి పలకలు సరిచేసేవాడనీ చెబుతారు. అదే కొడొకాన్. అక్కడ పుట్టిన జూడో 1964లో ఒలింపిక్స్‌కి వెళ్లింది.

ఆయన చేసిన పనుల్లో మనకి పనికొచ్చేవి ఉన్నాయి. అప్పట్లో జుజుత్సు అంటే జనంలో చెడ్డపేరు. కొట్లాటలకి పోయేవాళ్ల విద్య అనుకునేవారు. ఏ తల్లి పంపుతుంది? కానో ప్రమాదకరమైన పట్లని స్వేచ్ఛా సాధనలోంచి తీసేశాడు, దెబ్బ తగలకుండా పడటం ముందు నేర్పాడు, పేరు కూడా మార్చి జూడో అన్నాడు. ఇది విద్య, చదువులో భాగం అని చెప్పాడు. ఉద్యోగం మాత్రం మానలేదు. ఈ చివరి ముక్క కింద గీత గీసుకోండి. నోటిఫికేషన్ల కోసం చదువుతూ పొద్దున గంట, సాయంత్రం గంట క్లాసు నడపొచ్చు. అన్నీ వదిలేసి అడ్వాన్సు కట్టి హాలు తీసుకోమని ఎవరూ మిమ్మల్ని తొందరపెట్టడం లేదు. డాబా ఉందా? స్కూలు గ్రౌండు ఉదయం ఖాళీగా ఉందా? పన్నెండు చాపల జాగా చాలు.

ఓకినావాలోనూ అంతే. 1900ల తొలి ఏళ్లలో అంకో ఇతోసు అనే గురువు కరాటేని అక్కడి బడుల్లోకి తీసుకెళ్లాడు. పెద్దలు చేసే కష్టమైన కటాలు పిల్లలకి కుదరవని ఐదు చిన్న కటాలు కూర్చాడు. షోటోకాన్ నేర్చుకున్నవాళ్లకి అవి బాగా తెలుసు, మీరు తెల్లబెల్టుతో మొదట చేసిన ‘హెయాన్’ కటాలు అవే. ఆ కటాలు అలా ఉండటానికి కారణం బడిపిల్లాడు.

ఇప్పుడు మన ఊరి స్కూలు యానివర్సరీ గుర్తుతెచ్చుకోండి. స్టేజీ మీద మాస్టారు పెంకులు పగలగొడతారు. పిల్లలు వరసగా బోర్లా పడుకుని చేతులు చాపితే వాటి మీదుగా బైక్ పోనిస్తారు. చప్పట్లే చప్పట్లు. కింద కూర్చున్న అమ్మ మాత్రం ‘మా వాణ్ని పంపను బాబోయ్’ అనుకుంటుంది. ఆ అమ్మే కదా ఫీజు కట్టాల్సింది! అదే స్టేజీ మీద, ఆర్నెల్ల క్రితం మైకు ముందు నోరు విప్పని ఓ ఆరో తరగతి పాప వచ్చి ఒక కటా తప్పు లేకుండా చేసి, ఇంకో నలుగురికి తనే కమాండ్ ఇస్తే? సుమన్, భానుచందర్ సినిమాలు చూసి కరాటే క్లాసుల్లో చేరిన తరం ఇప్పుడు తాతలవుతోంది. వాళ్లకి పెంకులు కావాలి. ఇప్పటి తల్లిదండ్రులకి కావాల్సింది, పిల్లలు ఫోన్ వదిలి ఓ గంట చెమట పట్టించడం, నలుగురిలో బెదరకపోవడం. మీ పాంప్లెట్ మీద ఆ మాటలే ఉండాలి. ఫొటో మీ పిల్లలదే ఉండాలి, అదీ తల్లిదండ్రుల్ని అడిగాకే.

ఇక అసలు విషయానికి వద్దాం. బెల్టులు.

నా చిన్నప్పుడు మా ఊళ్లో ఓ క్లాసులో చేరాను. పేరు అనవసరం. మూడు నెలలకోసారి పరీక్ష, పరీక్షకి ఫీజు, బెల్టుకి విడిగా, సర్టిఫికెట్‌కి విడిగా. మా బ్యాచ్‌లో ఎవరూ ఎప్పుడూ ఫెయిల్ కాలేదు. గ్రీన్ బెల్టు కట్టుకున్న రోజున మా నాన్న ఇంటికొచ్చిన బంధువుల ముందు ‘ఏదీ, చేసి చూపించు’ అన్నారు. రెండు అడుగులు వేశాక తర్వాత ఏమిటో గుర్తురాలేదు. నాన్న ఏమీ అనలేదు. తర్వాతి నెల ఫీజు మాత్రం కట్టలేదు. మా బాబాయి వాళ్ల అబ్బాయిలిద్దరు కూడా చేరాల్సినవాళ్లు, చేరలేదు. ఆ మాస్టారు ఇప్పటికీ ఎందుకు పోయామో తెలియకుండానే ఉండి ఉంటారు.

తెలుపు, నలుపు మధ్య ఈ రంగులన్నీ యూరప్‌లో విస్తరించాయి. 1930ల్లో పారిస్‌లో జూడో నేర్పిన కవైషి వాటిని బాగా వ్యాప్తిలోకి తెచ్చారు. నల్లబెల్టు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసే ఓపిక లేని శిష్యులకి మధ్యలో మెట్లు కనబడాలి కదా. అంటే రంగు బెల్టు పని పిల్లాణ్ని నిలబెట్టడమే, అందులో తప్పు లేదు. పరీక్షకి ఫీజు తీసుకోవడం కూడా తప్పు కాదు, మీరూ బతకాలి. కానీ ఫెయిల్ అవడానికి వీల్లేని పరీక్ష పెట్టిన రోజు నుంచి మీరు నేర్పడం లేదు, గుడ్డ అమ్ముతున్నారు. ఆ గుడ్డ బజారులో ఇంకా చవగ్గా దొరుకుతుంది. ‘ఏడాదిలో బ్లాక్ బెల్టు గ్యారంటీ’ అని పక్క వీధిలో ఫ్లెక్సీ పడుతుంది, మీరు పది నెలలు అనాల్సి వస్తుంది. ఈ పోటీకి అంతు ఉండదు. ఏం నేర్చుకుంటే ఏ బెల్టు వస్తుందో ఒక కాగితం మీద రాసి గోడకి అంటించండి. రానివాణ్ని ‘ఇంకో నెల చేద్దాం నాన్నా’ అని ఆపండి, రెండోసారికి ఫీజు అడక్కండి. ఒకరిద్దరు అలిగి పోతారు. మిగిలినవాళ్ల తల్లిదండ్రులకి మాత్రం తమ బిడ్డ బెల్టు మీద నమ్మకం కుదురుతుంది.

తల్లిదండ్రులు తప్పకుండా అడిగే ప్రశ్న ఇంకోటి ఉంది: ‘దీనివల్ల స్పోర్ట్స్ కోటాలో ఏమైనా వస్తుందా మాస్టారూ?’ అవును అనేస్తే ఆ రోజు అడ్మిషన్ అయిపోతుంది. కానీ నిజం ఇదీ. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల క్రీడా కోటాలో చూసేది బెల్టు రంగు కాదు. దేశం తరఫునో, జాతీయ పోటీల్లో రాష్ట్రం తరఫునో, అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో వర్సిటీ తరఫునో, జాతీయ స్కూల్ గేమ్స్‌లో రాష్ట్ర జట్టు తరఫునో ఆడారా అన్నది చూస్తారు. కరాటేలో మన దేశంలో సంఘాల మీద సంఘాలు. ‘ఇంటర్నేషనల్’ అని పేరు పెట్టుకున్న ప్రతి టోర్నమెంటూ లెక్కలోకి రాదు. ఎంట్రీ ఫీజు కట్టే ముందు ఆ సంఘానికి గుర్తింపు ఎవరిచ్చారో కనుక్కోవాల్సిన బాధ్యత మీదే. అలాగే కరాటే ‘ఒలింపిక్ క్రీడ’ అని రాయకండి. టోక్యో క్రీడల్లో ఒక్కసారి ఉంది, 2024 పారిస్‌లో లేదు. తైక్వాండో 2000 సిడ్నీ నుంచి పతక క్రీడగా కొనసాగుతోంది. జూడో కూడా ఉంది. అన్నట్టు, మీరింకా కాలేజీలోనే ఉంటే, మీ ఫిజికల్ డైరెక్టర్‌ని వర్సిటీ జట్టు సెలక్షన్లు ఎప్పుడో అడగండి. మీకే పనికొస్తుంది, ఆ తర్వాత మీ క్లాసుకీ పనికొస్తుంది.

పిల్లలు ఎక్కడి నుంచి వస్తారు అంటే, ప్రధానంగా బడుల నుంచే. ప్రైవేటు స్కూలు కరస్పాండెంట్‌ని కలిసేటప్పుడు బెల్టులు, కప్పులు వరసగా చూపించకండి. ఆయన అడగని మూడు విషయాలకి మీ దగ్గర జవాబుండాలి: దెబ్బ తగిలితే ఎవరు చూస్తారు, ఆడపిల్లలకి ఎవరు నేర్పుతారు, పరీక్షల నెలలో క్లాసు ఏం చేస్తారు. ఫీజులో స్కూలు వాటా ఎంతో మొదటి రోజే కాగితం మీద పెట్టుకోండి, మొహమాటపడితే డిసెంబరులో గొడవవుతుంది. ప్రభుత్వ బడుల్లో సమగ్ర శిక్ష కింద 6 నుంచి 12 తరగతుల బాలికలకి ఆత్మరక్షణ శిక్షణ ఉంది, రాణీ లక్ష్మీబాయి పేరుతో, మూడు నెలలు. శిక్షకుల్ని ఎప్పుడు తీసుకుంటారో జిల్లా విద్యాశాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి. ఇక్కడ అమ్మాయిలకి ఒక మాట. బ్లాక్ బెల్టు ఉన్న అమ్మాయిలు నేర్చుకున్నంతమంది నేర్పడానికి రావడం లేదు. ఆడపిల్లని మగ మాస్టారి దగ్గరికి పంపడానికి వెనకాడే ఇళ్లు ప్రతి వీధిలో ఉన్నాయి, ఆ ఇళ్లలోని తల్లులకే సాయంత్రం ఓ గంట బ్యాచ్ పెట్టినా వస్తారు.

ఆ వెనకాడటంలో అర్థం ఉంది. మగ మాస్టార్లు దాన్ని అవమానంగా తీసుకోవద్దు. పిల్లల్ని ముట్టుకుని సరిచేయాల్సిన విద్య ఇది. తలుపులు తెరిచే ఉండాలి, తల్లిదండ్రులు కూర్చోవడానికి నాలుగు కుర్చీలు ఉండాలి, ఒక్క పిల్లాణ్నో పాపనో పెట్టుకుని ‘స్పెషల్ క్లాసు’ అనేది ఉండకూడదు. పోక్సో చట్టం 2012 నుంచి ఉంది, సహాయకుణ్ని పెట్టుకునే ముందు మీరూ చదవండి, అతనితోనూ చదివించండి. చేరేటప్పుడు ఫారంలో ఉబ్బసం, ఫిట్స్, పాత ఫ్రాక్చర్లు అడగండి. గార్డులు లేకుండా స్పారింగ్ పెట్టకండి. ఒక్క పన్ను ఊడితే పదిమంది మానేస్తారు, అది న్యాయమే.

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తాను. మ్యాట్లు, ప్యాడ్లు కొనడానికి ముద్ర పథకంలో శిశు విభాగం కింద 50 వేల దాకా రుణం అడగొచ్చు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, డబ్బులడిగిన ఏజెంటుని నమ్మకండి. గూగుల్ మ్యాప్స్‌లో మీ క్లాసు పేరు పెట్టుకోవడానికీ పైసా ఖర్చు లేదు. అయితే మొదటి ముప్పై మంది వచ్చేదాకా అప్పు జోలికి పోకపోవడమే మంచిదని నా అభిప్రాయం. మట్టి నేల మీద కటాలు బాగానే వస్తాయి. పడేయడాలు మాత్రం మ్యాట్లు వచ్చాకే.

దీన్నే వృత్తిగా తీసుకుందాం అనుకునేవాళ్లు బెల్టుతో ఆగకండి. పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థలో జూడో లాంటి క్రీడలకి కోచింగ్ డిప్లొమా ఉంది, ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సులూ ఉన్నాయి. స్కూల్లో పీఈటీగా స్థిరపడాలంటే బ్లాక్ బెల్టు చాలదు, బీపీఈడీ లాంటి అర్హత కావాలి.

ఇవన్నీ తర్వాత. ఈ వారం చేయాల్సింది ఒకటుంది. మీ ఊళ్లో నడుస్తున్న క్లాసులు రెండు మూడు ఉంటాయి కదా, సాయంత్రం వెళ్లి, మాస్టారిని అడిగి, వెనక గోడకి ఆనుకుని గంటసేపు కూర్చోండి. తెల్లబెల్టులు ఎన్ని, నారింజ, ఆకుపచ్చ ఎన్ని, బ్రౌన్ ఎన్ని, లెక్కపెట్టండి. అన్నీ తెల్లబెల్టులే ఉంటే ఆ క్లాసు ఏప్రిల్ మీద బతుకుతోందని అర్థం. బ్రౌన్ బెల్టు కట్టుకున్న తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి పక్కన నిలబడి చిన్నపిల్లల చేతులు సరిచేస్తూ కనిపిస్తే, క్లాసు అయ్యాక ఆగి ఆ మాస్టారితో మాట్లాడండి. సహాయకుడు కావాలేమో కనుక్కోండి. మొదటి ఆరు నెలలు ఆయన దగ్గరే పని చేయండి, ఎంత ఇస్తే అంత తీసుకుని. హాజరు పుస్తకం మాత్రం మీరే రాస్తానని అడిగి తీసుకోండి.